నానమ్మ మాట, రిజిస్టరు మాట

ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్లలో గత అరవై ఏళ్ళుగా బాగా నలిగిన వ్యాసాల్లో ఒకటి మూడంటే మూడు పేజీలు. 1963లో ‘అనాలిసిస్’ అనే పత్రికలో వచ్చింది. రాసినాయన ఎడ్మండ్ గెటియర్, అప్పట్లో డెట్రాయిట్‌లో పాఠాలు చెప్పుకుంటున్న, పెద్దగా పేరు లేని అధ్యాపకుడు. ఒక సంగతి నిజమై ఉండి, దాన్ని మనం నమ్మి, ఆ నమ్మకానికి తగిన ఆధారం కూడా ఉంటే దాన్ని జ్ఞానం అనొచ్చని చాలామంది అనుకుంటున్న రోజులవి. ఈ మూడూ ఉండి కూడా ‘తెలుసు’ అనలేని సందర్భాలు రెండు చూపించి గెటియర్ ఊరుకున్నారు. ఆయన తవ్విన గొయ్యి పూడ్చడానికి మిగతావాళ్ళు ఇప్పటికీ మట్టి పోస్తూనే ఉన్నారు.

ఇలాంటి చిక్కులు మన దేశంలో అంతకు ముందే ఉన్నాయి. పన్నెండో శతాబ్దంలో శ్రీహర్షుడు ‘ఖండనఖండఖాద్యం’లో ఇటువంటివే అడిగాడు. (శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధానికి మూలం రాసింది ఈయనే. దమయంతి అందాన్ని వర్ణించిన చేత్తోనే, న్యాయ దర్శనాన్ని అనుసరించే తార్కికులైన నైయాయికుల నిర్వచనాలను ఉతికి ఆరేశాడు.) గుప్పిట్లో గవ్వలు పట్టుకుని ఎన్నో చెప్పమన్నారు. మీరు నోటికొచ్చినట్టు ఐదన్నారు. గుప్పిట విప్పితే ఐదే. ఐదని మీకు తెలుసా? దూరంగా కొండ మీద మంచు తెర చూసి పొగ అనుకుని, అక్కడ నిప్పుందన్నారు. వెళ్ళి చూస్తే నిజంగానే నిప్పుంది. తెలిసి అన్నట్టా, కలిసొచ్చినట్టా?

సరదాగానే ఉంటాయి. నాకున్న పేచీ వేరే. ఈ ఉదాహరణల్లో మనిషి ఎప్పుడూ ఒంటరిగా నిలబడి కొండవైపు చూస్తుంటాడు. మనం మాత్రం కొండను చూసేది తక్కువ. కొండ మీద పొగ ఉందని ఎవరో చెబుతారు, నమ్ముతాం, లేదా కొట్టిపారేస్తాం. మనకు తెలుసనుకునే వాటిలో సొంత కంటితో చూసినవి తీసి పక్కన పెడితే, మిగిలేదంతా ఇతరుల మాటే. కాబట్టి జ్ఞానానికి నిర్వచనం వెతకడం కన్నా, ఎవరి మాటను ఎందుకు నమ్ముతున్నాం, ఎవరి మాటను వినకుండానే తోసేస్తున్నాం అన్నది పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం. గత నలభై ఏళ్ళలో ఫిలాసఫీ చేసిన మంచి పనుల్లో ఒకటి ఇటు తిరగడం. అయితే తిరిగినవాళ్ళు కూడా ఒక చోట పొరబడ్డారని నాకనిపిస్తుంది. అది తర్వాత చెబుతాను.

ముందు మా ఇంటి సంగతి. 1953 ఆగస్టు గోదావరి వరద గురించి మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నీళ్ళు వాకిళ్ళలోకి వచ్చేసరికి ఊరంతా గుడి అరుగుల మీదికి చేరిందట. మా నాన్న ఆ అరుగు మీదే మంత్రసాని చేతుల్లో పడ్డారు. ఈ కథ నానమ్మ ఎన్నిసార్లు చెప్పినా మారేది కాదు. ఎవరి గొంగడి కప్పారు, ఎవరింటి నుంచి వేణ్ణీళ్ళు తెచ్చారు, అన్నీ ఒకటే. బడిలో వేసినప్పుడు మేస్టారు ఆ రోజుల్లో అందరికీ పెట్టే పరీక్షే పెట్టారు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందింది. రిజిస్టర్లో 1-7-1952 అని రాసుకున్నారు. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కడి నుంచి సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. దాని లెక్కనే నాన్న 2010 జూన్ ఆఖర్న రిటైరయ్యారు. నానమ్మ లెక్కన ఇంకా ఏడాది పైగా సర్వీసుంది. ఇలాంటి కథ లేని ఇల్లు మన పల్లెల్లో అరుదు. పాత ఉద్యోగుల పుట్టినరోజులన్నీ జూన్, జులై నెలల్లోనే ఎందుకుంటాయో ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పుడు చూడండి. ఒక పక్క కన్నతల్లి. ఆ రోజు అక్కడుంది, అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఇంకో పక్క మేస్టారు. పిల్లాడి చెయ్యి పొడవు చూసి అంచనా వేశారు. ఆఫీసు ఎవరిని నమ్మింది? నిజానికి మేస్టార్ని కూడా నమ్మలేదు, కాగితాన్ని నమ్మింది. కాగితం మీద ఉన్నదీ ఒకరి మాటే. కాకపోతే రాతలోకి వచ్చేసరికి అది ఎవరు చెప్పారో, ఏం చూసి చెప్పారో అన్నీ తుడుచుకుపోతాయి. నానమ్మ మాటకు నానమ్మ మొహం ఉంది, దాన్ని శంకించొచ్చు. రిజిస్టరుకు మొహం లేదు, అందుకే అది ‘ఆధారం’ అయిపోయింది. ఆఫీసు తప్పు చేసిందని కాదు. ప్రతి తల్లి మాటా పట్టుకుని తేదీలు మారిస్తే రిటైర్మెంట్ ఏడాదిలో ప్రతి ఉద్యోగికీ ఒక వరద గుర్తొస్తుంది. రూలుకు కారణముంది. కానీ రూలు ఉండటం వేరు, రూలు వైపు ఉన్నదే జ్ఞానమనుకోవడం వేరు.

ఇతరుల మాట దానంతటదే జ్ఞానమార్గమా, లేక మన చూపు మీదా ఊహ మీదా ఆధారపడ్డ రెండో రకం సరుకా? పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్ తాత్త్వికుడు డేవిడ్ హ్యూమ్ రెండోదే అన్నాడు. ఫలానా రకం మనుషులు ఫలానా విషయాల్లో నిజం చెబుతారని అనుభవం మీద తెలుసుకుంటాం, ఆ అనుభవమే మన నమ్మకానికి పునాది అని ఆయన వాదం. అదే కాలపు థామస్ రీడ్ దీనికి ఒప్పుకోలేదు. శంకించడానికి కారణం కనబడనంత వరకు ఎదుటివాడి మాట నమ్మడం మనిషికి పుట్టుకతో వచ్చిందన్నాడు. 1992లో ఆస్ట్రేలియా తాత్త్వికుడు సి.ఎ.జె. కోడీ ఈ గొడవను మళ్ళీ కదిలించి, హ్యూమ్ చెప్పే ‘అనుభవం’లో ముప్పాతిక ఇతరుల దగ్గర విన్నదేనని ఎత్తి చూపారు. మాట నమ్మదగినదా అని పరీక్షించడానికి మళ్ళీ మాటనే వాడుతున్నామన్నమాట.

ఈ తగాదా మన దగ్గరా అచ్చం ఇలాగే నడిచింది. వైశేషిక దర్శనం వాళ్ళు, బౌద్ధుల్లో దిఙ్నాగుడు శబ్దాన్ని, అంటే ఇతరుల మాటను, వేరే ప్రమాణంగా (తెలుసుకునే మార్గంగా) ఒప్పుకోలేదు, అనుమానంలో, అంటే ఊహించి తేల్చుకోవడంలో, కలిపేశారు. దిఙ్నాగుడు తర్కం మీద తన గ్రంథాన్ని ఆంధ్రదేశంలో, వేంగికి దగ్గర్లోని ఒక కొండ మీద రాశాడని హ్యూయన్‌త్సాంగ్ రాసుకున్నాడు. నైయాయికులు మాత్రం శబ్దం విడి ప్రమాణమేనని పట్టుబట్టారు. ఈ రెండు సంప్రదాయాలనూ ఒక గదిలో కూర్చోబెట్టిన పుస్తకం 1994లో వచ్చింది. బిమల్ కృష్ణ మతిలాల్, అరిందం చక్రవర్తి సంపాదకులు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న మతిలాల్ అది అచ్చయ్యేనాటికే, 1991లో పోయారు.

నేను నైయాయికుల పక్షం. అందుకు కారణం వాత్స్యాయనుడి ఒక్క వాక్యం. కామసూత్రాల వాత్స్యాయనుడు కాడు, న్యాయభాష్యం రాసినాయన. ఆప్తుడి ఉపదేశమే శబ్దం అని న్యాయసూత్రాలు రాసిన గౌతముడి సూత్రం. ఇక్కడ ఆప్తుడంటే చుట్టం కాదు, ఎవరి మాట నమ్మొచ్చో ఆ మనిషి. ఆ మనిషికి వాత్స్యాయనుడు రెండే షరతులు పెట్టాడు. చెప్పే విషయాన్ని తాను నేరుగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఎదుటివాడికి తెలియజేయాలన్న కోరిక ఉండాలి. ఇంతే. వెంటనే ఇంకో మాట చేర్చాడు: ఈ లక్షణం ఋషికి, ఆర్యుడికి, మ్లేచ్ఛుడికి సమానం. కులం, చదువు, వేషం ఏవీ లెక్కలో లేవు. చూశావా? చూసింది చూసినట్టు చెప్పాలనుందా? తర్వాత వెయ్యేళ్ళకు పైగా గడిచాక, పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్ని ఇంకా కుదించి, ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోతారా అని సామెత పుట్టింది ఈయన మీదే.

ఇక్కడ ఛాతీ విరుచుకుని ‘చూశారా మన గొప్ప’ అనాలని కొందరికి ఉంటుంది. కాస్త ఆగాలి. ఇదే నేల మీద, ఇదే సంస్కృతంలో, మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఎవరి సాక్ష్యం ఎవరికి చెల్లుతుందో వర్ణం వారీగా పంచింది. లోభం లేని మగవాడు ఒక్కడైనా సాక్షిగా చాలు, శుచి అయిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నా పనికిరారు, ఎందుకంటే వాళ్ళ బుద్ధి నిలకడ లేనిది అంది. న్యాయభాష్యం పండితుల వాదాల్లో ఉండిపోయింది. పంచాయితీ అరుగు మీద, మన అలవాట్లలో నిలబడింది రెండోదే.

బ్రిటిష్ తాత్త్వికురాలు మిరాండా ఫ్రికర్ 2007లో ఇలాంటి అలవాటు గురించే రాశారు. మాట్లాడేవాళ్ళ లింగం, రంగు, వర్గం చూసి వాళ్ళ మాట విలువను తగ్గించి వినడం వట్టి మర్యాదలోపం కాదు, మనిషికి తెలిసినవాడిగా ఉండే హక్కునే కాజేసే అన్యాయం అన్నారు. నాలుగేళ్ళ తర్వాత అమెరికాలో నల్లజాతి తాత్త్వికురాలు క్రిస్టీ డాట్సన్ ఇంకో మెట్టు కిందికి దిగారు. ఎదుటివాళ్ళు ఎలాగూ వినరని తెలిసినప్పుడు, చెప్పేవాళ్ళే తమ మాటను ముందుగా కుదించేసుకుంటారు, గొంతులోనే నొక్కేసుకుంటారు అన్నారు.

ఇది చదివినప్పుడు నాకు ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీ బెంచీ గుర్తొచ్చింది. నా పక్కన అరవై దాటిన ఒకావిడ. చేతిలో చీటీ, ఒళ్ళో చిన్న సంచి, అందులో పాత మందుల రేకులు. అవతలి పక్కావిడతో వివరంగా చెబుతోంది: “రాత్రి రెండింటప్పుడు ఊపిరాడక మెలకువొచ్చేస్తుందమ్మా. లేచి కూర్చుని కిటికీ కాడికెళ్తే గానీ సర్దుకోదు. ఇదివరకు ఒక దిండు చాలేది, ఇప్పుడు రెండు పెట్టుకుంటన్నా.” గుండె బలహీనపడుతోందేమోనని డాక్టర్లు ప్రత్యేకంగా అడిగి తెలుసుకునే సంగతులివి. ఆవిడ పేరు పిలిచారు. తలుపు తీసే ఉంది, అంతా వినబడుతోంది. డాక్టరు తలెత్తకుండానే “ఏంటమ్మా ప్రాబ్లం?” అన్నాడు. “ఏం లేదు బాబూ, కాస్త నీరసం.” విటమిన్ బిళ్ళలు రాయబోతుంటే, బెంచీ మీద విన్నావిడ ఉండబట్టలేక గుమ్మంలోంచే “ఊపిరాడట్లేదంట సార్, రాత్రుళ్ళు కూర్చుంటందంట” అని అరిచింది. అప్పుడు ఈసీజీ రాశాడు.

ఆ డాక్టరును తిట్టడం తేలిక. అతని ముందు నూట యాభై మంది ఉన్నారు. నన్ను తొలిచేది వేరే: బెంచీ మీద అంత స్పష్టంగా ఉన్న మాట, నాలుగడుగులు దాటేసరికి ఎక్కడికి పోయింది? అబద్ధం చెప్పలేదు, మర్చిపోలేదు. ఆ కుర్చీ ముందు తన మాట ఎంత పొడవు ఉండొచ్చో ఆవిడకు ఏళ్ళ తరబడి తెలుసు. ఆ కొలతకు కత్తిరించుకుంది.

అయితే బాధపడేవాళ్ళ మాటంతా వేదవాక్కేనా? ఇక్కడ వాత్స్యాయనుడి మొదటి షరతు నాకు ఫ్రికర్ కన్నా బాగా ఉపయోగపడుతుంది. 2021 మే నెలలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు గుర్తుందిగా. కంట్లో చుక్కలు వేయించుకున్నాక ప్రాణం లేచొచ్చిందని ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. జనం వేలల్లో ఎగబడ్డారు. కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ఆయన అబద్ధమాడారని నేననుకోను. తనకు ఎలా అనిపించిందో చెప్పారు, ఆ విషయంలో ఆయనే ఆప్తుడు. కానీ మందువల్లే తగ్గిందన్నది ఎవరూ కంటితో చూసే సంగతి కాదు. అది పోల్చి చూసి, లెక్క కట్టి తేల్చాల్సింది. ఆయన చూసింది ఒకటి, జనం ఆయన మాటగా మోసుకెళ్ళింది ఇంకొకటి. వాట్సాప్ పని అదే. చూసినవాడి పేరు జారిపోయి, మాట మాత్రం పరుగెడుతుంది.

కంటితో చూసి చెప్పేదానికీ, లెక్క కట్టి తేల్చేదానికీ మధ్య ఇదే గీత నెల్లూరు జిల్లాలో ఎంత అందంగా పడిందో చూడండి. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర చెప్పేవాళ్ళు అక్కడి నుంచే మొదలుపెడతారు. తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరులో ఉండేవి. ఎద్దులు కాళ్ళు బిగుసుకుపోయి దుక్కికి పనికిరాకుండా పోతున్నాయని 1930లలో ముందుగా గమనించింది రైతులు. మద్రాసు నుంచి వచ్చిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు జనాన్ని, నీళ్ళను పరీక్షించి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో పేపరు వేశారు. నీళ్ళలో ఫ్లోరైడ్ అని చెప్పడం రైతు వల్ల కాదు, దానికి ల్యాబ్ కావాలి. ఎద్దు నడక ఎప్పుడు మారిందో చెప్పడం ల్యాబ్ వల్ల కాదు, దానికి రోజూ ఆ ఎద్దు వెనక నడిచిన మనిషి కావాలి. పేపరు మీద మూడు పేర్లే ఉన్నాయి. అప్పటి పద్ధతి అంతే అనుకోండి. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద వచ్చిన ఒక పేపరుకు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకే సరిపోయాయి. అందులో ప్రతి ఒక్కరూ మిగతావాళ్ళ మాట నమ్మి సంతకం పెట్టినవాళ్ళే. అంతమంది శాస్త్రవేత్తలు ఒకరి మాట ఒకరు నమ్మితే సైన్స్. రైతు చెబితే మాత్రం ‘స్థానికుల నమ్మకం’.

ఇక నా పేచీ. ఈ అన్యాయానికి ఫ్రికర్ ముఖ్యంగా చెప్పిన మందు, వినేవాళ్ళు మంచి శ్రోతలు కావడం. తమలో ఉన్న చిన్నచూపును పసిగట్టి, ఎదుటివాళ్ళ మాట విలువను ఆ మేరకు పెంచి వినే సద్గుణం అలవరచుకోవాలంటారు. చదవడానికి బాగుంటుంది. కానీ ఓపీలో నూట యాభయ్యో పేషెంటు దగ్గర డాక్టరు సద్గుణం ఎంత మిగిలుంటుంది? అమెరికా తాత్త్వికురాలు ఎలిజబెత్ ఆండర్సన్ 2012లో ఇదే అడిగారు: ఒక్కొక్కరి మంచితనం మీద కాదు, సంస్థలు వినే పద్ధతి మీద పని చేయాలని. నేను ఇంకాస్త ముందుకెళ్తాను. ఎవరి మాట మామూలుగా తేలిపోతుందో, వాళ్ళ మాట దగ్గర మొదలుపెట్టమని రూలే ఉండాలి. కాదనేవాళ్ళు కాదని రుజువు చేసుకోవాలి.

ఇది గాలిలో మాట కాదు, మన చట్టంలో ఒకసారి జరిగింది. 1972లో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ అమ్మాయి మీద పోలీస్ స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. మథుర కేసు అంటారు. సెషన్స్ కోర్టు ఆమెను అబద్ధాలకోరు అంది. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు, ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తుల్లేవు అంటూ పోలీసులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా కదిలింది. 1983లో సాక్ష్య చట్టంలో 114ఎ సెక్షన్ చేర్చారు. కస్టడీలో జరిగిన అత్యాచారం లాంటి కేసుల్లో, సంభోగం జరిగిందని రుజువయ్యాక, ‘నా సమ్మతి లేదు’ అని ఆమె కోర్టులో చెబితే, లేదనే కోర్టు భావించి మొదలుపెట్టాలి. జడ్జి మంచివాడా కాదా అన్నదాని మీద వదిలేయలేదు. ఒకావిడ మాటకు ఎంత బరువివ్వాలో చట్టమే చెప్పేసింది. ఇప్పుడున్న కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ ఏర్పాటు ఉంది. ఆ బరువు ఎక్కువైందని వాదించేవాళ్ళు ఉన్నారు. అంతకు ముందు ఎంత తక్కువుందో చూడకుండా ఆ వాదన చేయకూడదు.

సంస్థను బాగుచేస్తే సరిపోతుందని నేనూ తేలిగ్గా అనేయను, ఎందుకంటే సంస్థ వినడం మానేసే మార్గాలు కూడా కొత్తగా కనిపెడుతుంటుంది. రేషన్ షాపులో ఈపాస్ మిషను సంగతే తీసుకోండి. కూలి పని చేసి వేళ్ళు అరిగిపోయిన ముసలామె బొటనవేలు పెడుతుంది. పడదు. తుడుచుకుని మళ్ళీ పెడుతుంది, ఇంకో వేలు పెడుతుంది, పడదు. డీలరుకు ఆమె పాతికేళ్ళుగా తెలుసు. వెనక లైన్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తానెవరో అన్నింటికన్నా నేరుగా ఎరిగిన మనిషి అక్కడే నిలబడి ‘నేనే బాబూ’ అంటోంది. ఆ విషయంలో ఆమెను మించిన ఆప్తులు లోకంలో ఉండరు. మన ఆంధ్రలో ఇలాంటివాళ్ళ కోసం ఒక వెసులుబాటు పెట్టారు, పెట్టడం మంచిదే. వేలిముద్ర పడనివాళ్ళకు వీఆర్వో వచ్చి తన వేలిముద్ర వేసి బియ్యం ఇప్పించేలా ఏర్పాటు చేశారు.